విండోస్ మారితే పెళ్లిపత్రిక ఎందుకు చెదురుతుంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న సపోర్టు ఆపేసింది. దాంతో అనంతపురంలోనూ పాత కంప్యూటర్లకు కొత్త విండోస్ ఎక్కించాల్సి వస్తోంది. మరి ఫైళ్లు ఏమవుతాయి?

మామూలు అప్‌గ్రేడ్‌లో అవి ఎక్కడివక్కడే ఉంటాయి. మధ్యలో కరెంటు పోతే మాత్రం పని చెడొచ్చు. ఫార్మాట్ చేస్తే సి డ్రైవ్ మొత్తం ఖాళీ! డెస్క్‌టాప్ మీద కనిపించేవీ మామూలుగా అందులోనివే.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు చేశారు. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టారు. ఫార్మాట్‌తో ఫాంటు పోతే ఫైలు తెరుచుకుంటుంది గానీ, ‘శుభలేఖ’ ఉండాల్సిన చోట అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి.

అందుకే వేరుశనగ రైతు విత్తనపు కాయలను విడిగా దాచినట్టు ఫైళ్లనూ, ఫాంట్లనూ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. ముఖ్యమైన వాటికి పీడీఎఫ్ కూడా తీయండి. కాపీ అయ్యాక ఇంకో కంప్యూటర్లో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ఇది తప్పనిసరి! తర్వాత డిస్క్ ఊడదీసి పక్కన పెట్టి, అప్పుడు అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. నచ్చకపోతే పాత విండోస్‌కు వెళ్లడానికి సాధారణంగా 10 రోజులే గడువు.