ఇంటికొచ్చిన కరెంటు కారు

ఇంట్లోకి కొత్తగా గ్రైండరు వచ్చినా, వాషింగ్ మెషీన్ వచ్చినా మొదటి పదిహేను రోజులూ దాని మాట మనం వింటాం, ఆ తర్వాత మన మాట అది వింటుంది. కారు విషయంలో మాత్రం నాకు నాలుగు నెలలు పట్టింది. మావారు రిటైరైన ఏడాదికి, పదిహేనేళ్ళు నడిచిన పెట్రోలు బండి అమ్మేసి కరెంటు కారు కొన్నాం. రిటైర్మెంటు డబ్బులోంచి ఒక్కసారిగా తీసిన పెద్ద మొత్తం అదే గనుక, పొరపాటు చేశామేమో నన్న బెంగ కొన్నాళ్ళు ఇద్దర్నీ పట్టుకుంది. మీలో కూడా కొందరి ఇళ్ళల్లో ఇప్పుడు ఈ ఆలోచన నడుస్తూ వుండవచ్చు. కొనటం, బేరమాడటం మగవాళ్ళే చూసుకున్నా, రాత్రి పడుకోబోయే ముందు గ్యాసు కట్టేశామా, పాలు తోడు పెట్టామా అని చూసుకునే మనమే, కారుకు ప్లగ్గు పెట్టామా అని కూడా చూసుకోవలసి వస్తుంది. అందుకని నాకు అనుభవంలోకి వచ్చిన నాలుగు సంగతులు చెబుతాను.

ముందుగా దీని తిండి సంగతి. కరెంటు బిల్లులో యూనిట్లు అని చూస్తాం గదా, రెండువేల వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్టు కాలుతుంది. మా కారు బ్యాటరీలో 24 యూనిట్లు పడతాయి. అంటే అదే గీజరు పన్నెండు గంటలు వదిలేస్తే ఎంత కరెంటు కాలుతుందో అంతన్నమాట. ఊళ్ళో తిరిగితే యూనిట్టుకు ఇంచుమించు 8 కిలోమీటర్లు వస్తోంది. ఆ లెక్కన బ్యాటరీ నిండుగా వుంటే 190 కిలోమీటర్లు. కంపెనీ కాగితంలో మూడువందల పైచిలుకు అని రాసి వుంటుంది. అది పరీక్షా కేంద్రంలో, ఫలానా వేగంతో, ఫలానా పద్ధతిలో నడిపి తీసిన లెక్క. వంటల పుస్తకంలో ‘నలుగురికి సరిపోతుంది’ అని రాస్తారు చూడండి, అలాంటిదే. మన ఇంట్లో ఆ నలుగురూ ఎంత తింటారో మనకే తెలుసు.

ఇంకో విచిత్రం. పెట్రోలు కారు హైవే మీద పొదుపుగా నడిచి, ఊళ్ళో ఎర్రదీపాల దగ్గర తాగేస్తుంది. ఇది సరిగ్గా తారుమారు. నిలబడి వున్నప్పుడు మోటారు ఏమీ తినదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చక్రాలే మోటారును తిప్పి, కొంత కరెంటును మళ్ళీ బ్యాటరీలోకి పంపిస్తాయి. దాన్ని రీజెన్ అంటారు. హైవే మీద అలా కాలు తీసే అవకాశం తక్కువ. పైగా వేగం పెరిగినకొద్దీ ఎదురుగాలిని తోసుకుంటూ పోవటానికే చాలా కరెంటు ఖర్చవుతుంది. 100 వేగంతో పోయేదానికీ, 75 తో పోయేదానికీ తేడా ఆ చిన్న తెరమీద అంకెల్లో కళ్ళకు కనిపిస్తుంది. నేను ఎన్నిసార్లు చెప్పినా వినని మావారు ఆ అంకెలు చూసి నిదానించటం నేర్చుకున్నారు.

అసలు నాకు ఈ కారు పాఠం చెప్పింది ఒక అర్ధరాత్రి. ఒక ఆదివారం శామీర్‌పేట వైపు బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళి పొద్దుపోయి వచ్చాం. కారులో 9 శాతం వుంది. అలసిపోయి వున్నాం, రేపు పొద్దున్నే పెడదాంలే అని పడుకున్నాం. రెండున్నరకు మావారికి కడుపులో నొప్పి మొదలైంది. మూడయ్యేసరికి మెలికలు తిరిగిపోతున్నారు. నేను యాభై ఏడో ఏట డ్రైవింగు నేర్చుకున్నదాన్ని. అంతవరకు చీకట్లో ఒక్కసారి కూడా నడపలేదు. ఆయన్ను వెనకసీట్లో పడుకోబెట్టి, ఏసీ కట్టేసి, 9 కిలోమీటర్ల దూరంలో వున్న ఆసుపత్రికి బయల్దేరాను. తెరమీద ఎర్రటి హెచ్చరిక వెలుగుతూ ఆరుతూ వుంటే రోడ్డు చూడనా, దాన్ని చూడనా? వెళ్ళేసరికి 4 శాతం మిగిలింది. పిత్తాశయంలో రాళ్ళట. రెండురోజులుంచి పంపారు, ఆ తర్వాత ఆపరేషనూ అయింది. ఆయన కులాసాగా వున్నారు గనుక ఇవాళ మీకు చెప్పగలుగుతున్నాను గాని, ఆ రాత్రి దారిలో నేను మొక్కని దేవుడు లేడు.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఒకటే నియమం. 30 శాతానికి దిగిందంటే పొయ్యిమీద పాలున్నట్టే లెక్క. ఎంత అలసట వున్నా ప్లగ్గు పెట్టకుండా పడుకోవటం లేదు. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది కారుకోసం పెట్టుకునే నియమం కాదు.

ఇక ఆ ప్లగ్గు సంగతి. మామూలు 15 ఆంపియర్ల సాకెట్టు, అంటే గీజరుకు పెట్టే పెద్ద ప్లగ్గు, చాలు. గంటకు ఇరవై కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. రాత్రి తొమ్మిదింటికి పెడితే తెల్లవారేసరికి దాదాపు నిండిపోతుంది. అయితే గీజరు అరగంట పనిచేస్తే ఇది ఎనిమిది, తొమ్మిది గంటలు ఆగకుండా లాగుతుంది. వైరు సన్నదైనా, సాకెట్టు వదులైనా వేడెక్కి నల్లబడుతుంది. అందుచేత మీటరు బోర్డునుంచి దీనికోసం వేరే వైరు, దానికో ఎంసీబీ, షాకు కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులతో పని జరుపుకోవద్దు. బిల్లుమీద మీకు ఎన్ని కిలోవాట్ల లోడు మంజూరైందో రాసి వుంటుంది, చూడండి. ఈ ఒక్కటే మూడు కిలోవాట్ల పైన తీసుకుంటుంది. ఏసీ, గీజరు కలిస్తే చాలదు. లోడు పెంచమని కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తు. మా అపార్టుమెంటు పాతది. కొత్త కారు తెచ్చి, కొబ్బరికాయ కొట్టి, ప్లగ్గు పెడితే చార్జరు పెట్టెమీద ఎర్రదీపం వెలిగి వూరుకుంది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి చూసి, “ఎర్తు లేదమ్మా. ఏం ఫర్వాలేదు, న్యూట్రల్‌కి కలిపి దాన్ని మోసం చేస్తా, నడిచిపోతుంది” అన్నాడు. చూశారా ఎంత తేలిగ్గా అన్నాడో! ఎర్తు అన్నది కరెంటు ఎక్కడైనా కారి బండి ఒంటికి తగిలితే, మన ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పోవటానికి వేసిన దారి. న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగితే ఆ కలిపినచోటునుంచే కారు ఒంటికి కరెంటు వస్తుంది. ఆ దీపం మన ప్రాణం కోసం వెలిగింది. “వద్దు బాబూ, ఎర్తు గొయ్యే తీయించు” అన్నాను. ఆవరణలో లోతుగా గొయ్యి తీసి, గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పొరలుపొరలుగా వేసి కప్పారు. అక్కడ మట్టి తడిగా వుంటేనే ఎర్తు బాగుంటుంది. ఎండాకాలం వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోస్తున్నాను. తులసికోటకు పోసినట్టు దీనికీ పోస్తోందని పక్కింటావిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి.

అపార్టుమెంటుల్లో వుండేవాళ్ళకు ఇంకో మెట్టు వుంది, అసోసియేషన్. ఉమ్మడి కరెంటు మేము వాడేసుకుంటామని కొందరూ, బ్యాటరీ పేలుతుందని కొందరూ అడ్డం చెప్పారు. మూడు మీటింగులైనాయి. మా మీటరునుంచే వైరు వస్తుంది, ఒక్క యూనిట్టు కూడా ఉమ్మడి లెక్కలో పడదని కాగితం మీద రాసిచ్చాం. ఇంటివాళ్ళు తమకున్న కనెక్షనుతోనే బండికి చార్జి పెట్టుకోవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో వుంది. ఆ కాగితం కాపీ ఒకటి సెక్రటరీగారికి అందజేశాం. పోట్లాడితే జరగని పని, కాఫీకి పిలిచి కాగితం చూపిస్తే జరిగింది.

బ్యాటరీ ఎంతవరకు నింపాలన్నది అందరూ అడిగే ప్రశ్న. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే వారానికో, పదిరోజులకో ఒకసారి ఇంటి ప్లగ్గుతోనే నెమ్మదిగా నిండా ఎక్కించమంటారు. లేకపోతే ఎంత మిగిలిందో దానికే సరిగా లెక్క తెలియదు. నికెల్ కలిసిన రకమైతే రోజూ 80 శాతందాకా పెట్టుకుని, ఊరెళ్ళేనాడు మాత్రమే పూర్తిగా నింపుకోవటం మంచిది. మీది ఏ రకమో కొన్నచోటే అడిగి పుస్తకం అట్టమీద రాసిపెట్టుకోండి. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి.

డబ్బు సంగతి చూద్దాం. మా పాత బండి ఊళ్ళో లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చేది. మేం ఆఖరుసారి లీటరు 107 రూపాయల చొప్పున పోయించాం. నెలకు 600 కిలోమీటర్లకు నాలుగున్నరవేలు దాటేది. ఇప్పుడు చార్జింగులో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే అదే దూరానికి 84 యూనిట్లు. యూనిట్టు 9 రూపాయలు వేసుకున్నా 756 రూపాయలు. అయితే ఇక్కడ మెలిక ఒకటి వుంది. ఈ యూనిట్లు ఇంటి బిల్లులోనే చేరటంవల్ల స్లాబు మారుతుంది, ఒక్కోసారి కింది యూనిట్ల రేటూ మారుతుంది. నేను పాలలెక్క కేలండరు పక్కనే కారు లెక్క కూడా వేస్తున్నాను. నికరంగా నెలకు మూడువేలకు పైన మిగులుతోంది. బయటి చార్జర్ల దగ్గరైతే ఇంటికంటే రెండింతలు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే అవుతుంది. కారు ఖరీదు మాత్రం అదే పాటి పెట్రోలు కారు కంటే హెచ్చు. కాబట్టి వారానికోసారి గుడికి పోయిరావటానికే అయితే ఇది కొనవద్దనే నేను చెబుతాను.

నడపటం ఆడవాళ్ళకు తేలికే. క్లచ్చి లేదు, గేర్లు లేవు. కష్టమల్లా ముప్ఫై, నలభై ఏళ్ళు క్లచ్చి తొక్కిన మగవాళ్ళకే. మావారి ఎడమకాలు మొదటివారం క్లచ్చికోసం వెతికి బ్రేకుమీద పడేది, మేమంతా ముందుకు తూలేవాళ్ళం. ఎడమకాలు వెనక్కి మడిచి పెట్టుకోమని చెప్పి చెప్పి అలవాటు చేశాను. రీజెన్ ఎక్కువ పెట్టి కాలు తీస్తే బండి గుంజుతుంది. మా అత్తగారికి వాంతులయ్యాయి. ఆవిడ ఎక్కితే దాన్ని తక్కువలో పెడుతున్నాం. చప్పుడుండదు గనుక బండి ఆన్‌లో వుందని మరిచిపోయి దిగిపోయే ప్రమాదం వుంది. హ్యాండుబ్రేకు వేసి, స్విచ్చి ఆపి, తెర ఆరిపోయిందని చూశాకే తలుపు తియ్యాలి. మన వీధుల్లో పిల్లలు వెనకనుంచి బండి వస్తోందని తెలుసుకోలేరు. గేటు దాటేదాకా నేను నడిచే వేగంతోనే పోతాను.

దూరప్రయాణం ఒక్కటి చెప్పి ముగిస్తాను. విజయవాడలో మా తమ్ముడి కూతురి సీమంతం. హైదరాబాదునుంచి 270 కిలోమీటర్లు. సగందూరంలో సూర్యాపేటలో చార్జి పెట్టుకుందామని బయల్దేరాం. 21 శాతంతో చేరితే అక్కడి యంత్రం పనిచెయ్యటం లేదు. రెండోచోట ముందు ఒకరున్నారు, వెనక ఒకరున్నారు. పైగా ఆ కంపెనీ యాప్ మా ఫోనులో లేదు. ఎండలో నిలబడి అబ్బాయికి ఫోను చేసి అది ఎక్కించుకుని, అందులో డబ్బు వేసుకుని, మా వంతు వచ్చేసరికి గంటన్నర. 80 శాతం దాటాక మరీ నెమ్మదించింది. కుళాయి కింద బిందె నిండబోయేటప్పుడు పొర్లకుండా ధార సన్నం చేస్తాం గదా, బ్యాటరీ పాడవకుండా అదీ అంతే చేస్తుంది. గాజులు వేసే వేళకు నేను చేరలేకపోయాను. ఇప్పుడు నార్కట్‌పల్లిలో ఒకసారి, కోదాడలో ఒకసారి ఆగుతున్నాం. రెండుచోట్లా అరగంటకు మించదు. ఒకటి చెడిపోయినా తర్వాతిదాకా పోయేంత మిగిలేలా చూసుకుంటున్నాం. మూడు కంపెనీల యాప్‌లు, వాటిలో తలా కొంత డబ్బు ముందే వేసి వుంచాను. పులిహోర డబ్బా సరేసరి. ఈ వయసులో రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వెయ్యటం మోకాళ్ళకు మంచిదే నని మా డాక్టరుగారు కూడా అన్నారు.

వానాకాలం సెల్లారులోకి నీళ్ళు వస్తాయని తెలిస్తే ప్లగ్గు తీసేసి బండిని పైకి ఎక్కించండి. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాదులో ఎన్ని సెల్లార్లు మునిగాయో గుర్తుంది గదా. మునిగిన బండిని మాత్రం స్టార్టు చెయ్యటానికి గాని, చార్జి పెట్టటానికి గాని ప్రయత్నించవద్దు. నెలరోజులు పిల్లల దగ్గరికి వెళ్ళేటట్టయితే పెద్ద బ్యాటరీ సగంలో వుంచి వెళ్ళండి. దీనిలోనూ మామూలు కార్లలో వుండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి వుంటుంది. మేం బెంగళూరునుంచి తిరిగొచ్చేసరికి పెద్దది నిక్షేపంగా వుంది, చిన్నది పడుకుంది, తలుపులు కూడా తెరుచుకోలేదు. అందుకని ఇప్పుడు ఊరెళ్ళేటప్పుడు తాళంచెవి పక్కింటావిడకు ఇచ్చి, పదిరోజులకోసారి అరగంట ఆన్ చేసి వుంచమని చెబుతున్నాను. ఎర్తు గొయ్యిలో నీళ్ళు కూడా ఆవిడే పోస్తోంది.