ఇంటర్నెట్ లేకున్నా బడిలో వీడియో పాఠాలు!

పాత కంప్యూటరు చాలు. చూసుకునే మనిషే కావాలి

సెల్‌ఫోనులో పాఠాలు వస్తాయన్న సంగతి పల్లెవాసులకు కొత్త కాదు. అయితే టవరు అందని తండాల్లో, సిగ్నల్ వచ్చిపోయే ఊళ్లలో ఆ పాఠాలు వున్నా లేనట్లే. సిగ్నల్ వున్నచోట కూడా పిల్లలందరికీ విడివిడిగా డేటా వేయించటం కూలినాలి చేసుకునే ఇళ్లకు భారమే. పాఠాలను ఒక్కసారి తెచ్చి బడిలోని ఒక కంప్యూటరులో నింపి, అక్కడినుంచే పిల్లలందరికీ అందించటం దీనికి విరుగుడు.

ఇందుకు పనికివచ్చే వాటిలో 'కొలిబ్రి' ఒకటి. అమెరికాకు చెందిన లెర్నింగ్ ఈక్వాలిటీ సంస్థ దీనిని తయారుచేసింది. ఖాన్ అకాడమీ వీడియోలను నెట్ లేకుండా చూపే 'కె.ఎ. లైట్'ను 2012లో తెచ్చినవారు వీరే. 2017లో కొలిబ్రి వచ్చింది. దీనికి రుసుం లేదు. తెరమీది సూచనలను తెలుగులో పెట్టుకోవచ్చు.

కావలసినవి

మూలనపడిన లాప్‌టాప్ అయినా, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరైనా సరిపోతుంది. రెండోదానికి కరెంటు పదిహేను వాట్లకు అటూఇటూ చాలు. దీనితోపాటు ఒక వైఫై రౌటరు వుండాలి. వైఫై అంటే ఇంటర్నెట్ అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ రౌటరు చేసే పని కంప్యూటరునూ పిల్లల ఫోన్లనూ కలపటమే. దానికి నెట్ కనెక్షన్ అక్కరలేదు.

అమర్చే పద్ధతి

సిగ్నల్ బాగావున్న పట్నంలో కొలిబ్రిని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. మొదటిసారి తెరవగానే భాష, బడి పేరు, నిర్వాహకుని పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. తర్వాత పాఠాల 'ఛానళ్లు' ఎంచుకుని దించుకోవాలి. వీడియోలు ఎక్కువైతే పదుల జీబీల జాగా పడుతుంది కనుక కావలసిన తరగతుల పాఠాలే తీసుకోవటం మేలు. మరో బడిలో ఇప్పటికే వుంటే పెన్‌డ్రైవులో తెచ్చుకోవచ్చు. ఇంగ్లీషులో వున్నన్ని పాఠాలు తెలుగులో లేవు. మాస్టారు స్వయంగా తీసిన వీడియోలతో ఛానలు తయారుచేసుకునే వీలు మాత్రం వుంది.

బడికి తెచ్చాక తరగతులు ఏర్పాటుచేసి పిల్లల పేర్లు ఎక్కించాలి. చిన్నపిల్లలు పాస్‌వర్డు లేకుండానే ప్రవేశించేలా పెట్టుకోవచ్చు. పిల్లలు ఫోనును బడి వైఫైకి కలిపి, బ్రౌజరులో ఆ కంప్యూటరు నంబరు కొడితే పాఠాలు వస్తాయి. ఈ నంబరు మారకుండా రౌటరులో ఖాయం చేయాలి. లేకపోతే నిన్న తెరుచుకున్నది నేడు తెరుచుకోదు.

మాస్టారికి ఉపయోగం

ఏ పిల్లవాడు ఏ పాఠం చూశాడు, ఏ లెక్క దగ్గర తడబడ్డాడు అన్నది మాస్టారు తన తెరమీద చూసుకోవచ్చు. తరగతికి పరీక్ష పెట్టవచ్చు. వెనుకబడిన వారిని ఒక జట్టుగా చేసి, వారికి వేరే పాఠం ఇవ్వవచ్చు.

జాగ్రత్తలు

హఠాత్తుగా కరెంటు పోతే మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదం వుంది. చిన్న యు.పి.ఎస్. తప్పనిసరి. ప్లగ్గు లాగేయకుండా పద్ధతిగా ఆపాలి. పేర్లు, మార్కులు వుండే సమాచారాన్ని వారానికోసారి వేరే డ్రైవులోకి నకలు తీయాలి. నిర్వాహకుని పాస్‌వర్డును కాగితంమీద రాసి బడి బీరువాలో భద్రపరచాలి. అది ఒక్క మాస్టారికే తెలిసివుంటే, ఆయనకు బదిలీ అయిననాడు పెట్టె వుండీ లేనట్లే అవుతుంది.

అందుచేత యంత్రం కొనటానికి ముందే దానిని చూసుకునే ఇద్దరిని ఎంచుకోవాలి. ఒకరు ఉపాధ్యాయులైతే, మరొకరు ఊళ్లోనే వుండే చదువుకున్న యువకుడో యువతో కావాలి. చేరువలోని కాలేజీ విద్యార్థులచేత రెండురోజులు నేర్పిస్తే ఈ పని వారికి పట్టుబడుతుంది. గ్రామ పెద్దలు, పూర్వ విద్యార్థులు పూనుకుంటే టవరు వచ్చేదాకా పిల్లల చదువు ఆగనక్కరలేదు.