తెల్లగోడ చేసే గుణకారం

స్కాండినేవియా తరహా వంటగదికి తెల్లగోడలే ప్రాణం. లేత రంగు చెక్క అల్మరాలు, ఖాళీగా ఉంచిన గట్టు ఆ తర్వాతి సంగతులు. 2018 ఆగస్టు 9న స్వీడన్ ఫర్నిచర్ సంస్థ ఐకియా భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరిచాక ఈ తరహా తెలుగువాళ్లకు కళ్లెదుట కనిపిస్తోంది. దెగ్లూర్, ధర్మాబాద్‌లలో తెలుగు వినిపించే మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో అలాంటి వంటగది కట్టుకోవాలంటే ముందు తేలాల్సింది వెలుతురు లెక్క.

డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా స్టాక్‌హోమ్‌లో సూర్యుడు సుమారు 7 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నాందేడ్‌లో అదే వేళకు 47 డిగ్రీలు. దొరికిన ఆ కాస్త వెలుతురునూ గదిలోనే తిప్పి తిప్పి వాడుకోవడానికి స్టాక్‌హోమ్ లాంటి చోట తెలుపు పనికొచ్చింది.

ఈ తిప్పడంలోనే అసలు విడ్డూరం ఉంది. గదిలోకి 100 పాళ్ల వెలుతురు వచ్చిందనుకుందాం. గోడలు 80 శాతం వెనక్కి కొడితే మొదట 100, తర్వాత 80, 64, 51... ఇలా అన్నీ కలిపితే 500. గోడలు 50 శాతమే కొడితే మొత్తం 200. 90 శాతం కొడితే ఏకంగా 1000! 80కీ 90కీ తేడా ఎనిమిదో వంతేనని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ గదిలో వెలుతురు రెట్టింపవుతుంది. సంప్నర్ అనే శాస్త్రవేత్త 1892లో ఈ సూత్రం చెప్పాడు. 1900లో జర్మన్ ఇంజనీరు ఉల్‌బ్రిక్ట్ దీని ఆధారంగానే లోపల తెల్లరంగు పూసిన గోళంతో దీపాల వెలుగు కొలిచాడు. ఇప్పటికీ అలాంటి గోళాలతో కొలుస్తారు. అయితే ఇంట్లో నేల, కిటికీ, అల్మరాలు కూడా సగటులోకి వస్తాయి కాబట్టి పది రెట్లు అందదు.

రంగులదీ ఇదే లెక్క. ఎరుపు వెలుగును 80 శాతం, నీలాన్ని 60 శాతం వెనక్కి కొట్టే లేత పసుపు రంగు షేడ్ కార్డు మీద ముద్దుగా ఉంటుంది. నాలుగు గోడలకూ వేస్తే ఎరుపు 5 రెట్లు, నీలం రెండున్నర రెట్లు అవుతాయి. కార్డు మీద 4:3గా ఉన్న నిష్పత్తి గదిలో 2:1కి చేరి, పసుపు చిక్కబడుతుంది. 1926లో వాస్తుశిల్పి మార్గరేటే షుట్టే-లిహోట్‌స్కీ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదికి, ఈగలు వాలవన్న నమ్మకంతో నీలం వేశారు. ఈగల సంగతి అటుంచితే, నీలం గోడ ప్రతి తిప్పులోనూ వెలుతురు మింగుతుంది.

తెలుపు ఎలా పుడుతుందో సున్నం వేసేటప్పుడు చూడవచ్చు. తడిగా ఉన్నంతసేపూ గోడ మసకగా ఉండి, ఆరాక తెల్లబడుతుంది. సున్నపు రేణువుల మధ్య నీరు పోయి గాలి చేరితే వక్రీభవన గుణకాల తేడా పెరిగి, కాంతి ఎక్కువగా చెదురుతుంది. పెయింటులో రేణువుల చుట్టూ ఉండేది గాలి కాదు, జిగురు. దాని గుణకం సుమారు 1.5. పెయింటులో వాడే తెల్లపొడి టైటానియం డయాక్సైడ్‌ది 2.7 కాబట్టి జిగురులోనూ అది తెల్లగా మెరుస్తుంది. 1916 ప్రాంతంలో దీన్ని పరిశ్రమగా మొదలుపెట్టిన దేశాల్లో నార్వే ఒకటి. టైటానియం డయాక్సైడ్ ముడిఖనిజం ఇల్మనైట్ శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ ఉంది.

ఇక ఉపయోగమంటారా? రోజూ పోపు పెట్టే ఇంట్లో నూనె ఆవిరి, పసుపు మరక గోడను 90 నుంచి 70కి దించితే, లెక్క ప్రకారం రావాల్సిన పది రెట్లు కాస్తా సుమారు 3.3కు పడిపోతాయి. తెల్లగోడ గదిని చల్లబరుస్తుందనేదీ భ్రమే. లోపల తిరిగే వెలుతురులో కిటికీ దాటి పోయింది పోగా మిగిలినదంతా చివరికి వేడిగానే మారుతుంది. చల్లదనం కావాలంటే తెలుపు వేయాల్సింది మిద్దె మీద, బయటి గోడలకు. నాందేడ్‌లో వెలుతురుకు కరువు లేదు. కిటికీ పైన సజ్జా, లోకప్పుకు తెలుపు, పొయ్యి వెనుక తుడిస్తే పోయే పలకలు చాలు.