తెర చూశాకే బేరం

ఫొటోల పని కోసం ల్యాప్‌టాప్ కొనేవారు ప్రాసెసర్ పేరు, డిస్కౌంటు శాతం చూస్తారు. ఆల్బమ్ బాగోగులు తేల్చేది మాత్రం ప్రకటనలో ఎక్కడో చివర ఉండే తెర వివరాలే

పెళ్లిళ్ల కాలం ముగిసిన రెండు నెలలకు ఫొటో స్టూడియోల్లో తగవుల కాలం మొదలవుతుంది. అప్పటికి ఆల్బమ్ పెళ్లివారింటికి చేరి ఉంటుంది. మెరూన్ రంగు పట్టుచీర మంట రంగులోకి తిరిగింది. పసుపు పూసిన పెళ్లికూతురి ముఖం కామెర్లు వచ్చినట్టుంది. తలంబ్రాల ఫొటోలో వెనక నిలబడ్డ మేనమామల ముఖాలు చీకట్లో కలిసిపోయాయి. పెళ్లివారు ఫొటోగ్రాఫర్‌ను నిలదీస్తారు. ఫొటోగ్రాఫర్ ప్రింటింగ్ ల్యాబ్‌ను తప్పుపడతాడు. మీరు పంపిన ఫైలే అలా ఉందని ల్యాబ్‌వారు చేతులు దులుపుకుంటారు. చివరికి ఆల్బమ్ మళ్లీ వేయించే ఖర్చు స్టూడియో నెత్తిన పడుతుంది.

చాలాసార్లు ఇందులో ఎవరి చేతివాటమూ లేదు. ఫొటోలు దిద్దిన ల్యాప్‌టాప్ తెర అబద్ధం చెప్పింది. దాన్ని నమ్మి రంగులు మార్చడంతో వచ్చిన చిక్కిది. భారీ తగ్గింపులో కొన్న యంత్రం మిగిల్చిన డబ్బును ఒకటి రెండు ఆల్బమ్‌లే మింగేస్తాయి. అందుకే ఫొటోల పనికి ల్యాప్‌టాప్ ఎంచుకోవడం ఇంటి అవసరాలకు కొన్నట్టు కాదు. ఇక్కడ మంచి బేరమంటే తక్కువ ధరకు వచ్చినది కాదు, తక్కువ ధరకు నిజమైన రంగు చూపేది.

రంగులు మింగే తెర

కంప్యూటర్ తెరలన్నీ ఒకే రంగుల శ్రేణిని చూపలేవు. ఇంటర్నెట్‌కూ, ఎక్కువ ప్రింటింగ్ ల్యాబ్‌లకూ ప్రామాణికం ఎస్‌ఆర్‌జీబీ. 1990ల చివర్లో స్థిరపడిన ఈ కొలతే నేటికీ పునాది. దీనికన్నా విశాలమైనవి అడోబ్ ఆర్‌జీబీ, డీసీఐ-పీ3. ఫొటోలు దిద్దే తెర కనీసం ఎస్‌ఆర్‌జీబీని దాదాపు నూటికి నూరు శాతం చూపగలగాలి.

చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో మాత్రం తరచూ కనిపించేది ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అన్న మాట. ఎన్‌టీఎస్‌సీ అమెరికాలో కలర్ టీవీ తొలినాళ్ల నాటి, 1953 ప్రమాణం. దానిలో 72 శాతం చూపగలిగితే ఇంచుమించు పూర్తి ఎస్‌ఆర్‌జీబీతో సమానం. 45 శాతమంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండొంతులకు కాస్త అటూ ఇటూ. మిగతా రంగులు ఫైలులో ఉంటాయి, తెరమీద కనబడవు.

ఆ కనబడని రంగుల్లో మొదటి వరుసలో ఉండేవి మన పెళ్లి రంగులే. కుంకుమ ఎరుపు, బంతిపూల నారింజ, అరిటాకు పచ్చ అన్నీ గాఢమైనవి. చిన్న శ్రేణి తెర వాటిని వెలిసిపోయినట్టు చూపుతుంది. ఫొటోగ్రాఫర్ చూసి రంగు చాల్లేదనుకుని గాఢత పెంచుతాడు. తెరమీద సరిపోయిందనిపించే సరికి ఫైలులో శ్రుతి మించుతుంది. కాగితం మీద చీర మండిపోతుంది.

వెలుగుదీ ఇదే కథ. ప్రకాశాన్ని పూర్తిగా పెంచి పనిచేస్తే ఫొటో కాంతిమంతంగా కనిపిస్తుంది. అచ్చులోకి వెళ్లేసరికి నల్లబడుతుంది. కాగితానికి సొంత వెలుగు ఉండదు కదా. తెరకు పగటి వెలుతురులో చూడగలిగేలా 300 నిట్స్ అయినా ఉండటం మంచిదే గానీ, గదిలో దిద్దేటప్పుడు దాన్ని సగానికి అటూ ఇటూగా దించి పనిచేయడం అలవాటు చేసుకోవాలి.

పక్కనుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం తెరలు ఈ పనికి నమ్మకమైనవి. ఈమధ్య మధ్యశ్రేణి ల్యాప్‌టాప్‌లలోకీ వచ్చిన ఓఎల్‌ఈడీ తెరలు డీసీఐ-పీ3ని దాదాపు పూర్తిగా చూపుతాయి. నలుపు నల్లగానే ఉంటుంది. అయితే వాటి తళుకు చూసి మోసపోకూడదు. కంపెనీ పెట్టిచ్చే ‘వివిడ్’ తరహా అమరికలో ప్రతి ఫొటో అందంగా కనబడుతుంది, ప్రింటులో ఆ అందం రాదు. కొన్న రోజునే ఎస్‌ఆర్‌జీబీ అమరికకు మార్చుకోవాలి. ఏళ్ల తరబడి ఒకే మెనూ బార్లు తెరమీద నిలిచి ఉంటే వాటి మరక పడే ప్రమాదం కూడా ఓఎల్‌ఈడీకి ఉంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ అనగానే శక్తిమంతమైనదన్న ధీమా చాలామందిది. ధర తక్కువ ఉన్న గేమింగ్ నమూనాల్లో గ్రాఫిక్స్ చిప్ మీద పెట్టిన డబ్బును తెర దగ్గర మిగుల్చుకోవడం కంపెనీలకు మామూలే. 144 హెర్ట్జ్ అన్న అంకె బొమ్మ ఎంత వేగంగా మారుతుందో చెబుతుంది, రంగు ఎంత నిజమో చెప్పదు. పైగా ఒకే పేరుతో అమ్మే నమూనాలో రెండు మూడు రకాల తెరలుంటాయి. అందువల్ల పేరు కాదు, పెట్టె మీది పూర్తి మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. రంగుల శ్రేణి గురించి ఒక్క ముక్కా రాయలేదంటే చెప్పుకోదగ్గది లేదని అర్థం చేసుకోవడమే క్షేమం.

వేగం ఎక్కడ కావాలి?

తెర తర్వాతి స్థానం మెమరీది. లైట్‌రూమ్ క్లాసిక్, ఫొటోషాప్‌లకు 8 జీబీ ర్యామ్ కనీస అవసరమనీ, 16 జీబీ ఉంటే మేలనీ అడోబ్ సంస్థే చెబుతోంది. ఆల్బమ్ పేజీలను పొరలు పొరలుగా కూర్చేవారికి 32 జీబీ వృథా కాదు. ఇప్పుడు ఎనిమిదితో కానిచ్చి తర్వాత ఇంకో ఎనిమిది వేయించుకోవచ్చన్న పాత సలహా ఇప్పుడు రెండు విధాలా చెల్లదు. చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. మరోపక్క కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు అమాంతం పెరిగాయి. ఖాళీ స్లాటు ఉందో లేదో అడగకుండా డబ్బు కట్టకూడదు.

నిల్వ సంగతికొస్తే లెక్క తేలిక. 24 మెగాపిక్సెల్ కెమెరాలో రా ఫైలు ఒక్కొక్కటి 30 ఎంబీ అనుకున్నా, మూడు వేల ఫొటోల పెళ్లి 90 జీబీ మింగుతుంది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్, సాఫ్ట్‌వేర్లు పోగా నాలుగు పెళ్లిళ్లకు మించి పట్టవు. ఒక టీబీ ఉంటే ఊపిరాడుతుంది. లేదా నడుస్తున్న పనిని ల్యాప్‌టాప్‌లో, పూర్తయినదాన్ని విడి హార్డ్‌డిస్కుల్లో ఉంచుకోవాలి. రెండో కాపీ లేని పెళ్లి ఫొటోలు ఒకే తాడు మీద వేలాడుతున్నట్టే. ఆ రెండో డిస్కు ధరను కూడా ల్యాప్‌టాప్ బడ్జెట్‌లోనే కలపాలి.

ప్రాసెసర్ విషయంలో నిన్నటి తరం చిప్‌తో నష్టం తక్కువ. మామూలు దిద్దుబాట్లకు ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్ కూడా తప్పనిసరి కాదు. అయితే 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లో కృత్రిమ మేధతో మసక చుక్కలు తొలగించే డీనాయిజ్ సదుపాయం వచ్చాక లెక్క కొంత మారింది. మంచి గ్రాఫిక్స్ చిప్ సెకన్లలో ముగించే ఆ పని అది లేని యంత్రంలో ఒక్కో ఫొటోకు నిమిషాలు పట్టవచ్చు. రాత్రి ముహూర్తాలు, సంగీత్‌లు ఎక్కువగా తీసేవారికి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. పగటి వెలుగులో చిన్నపిల్లల ఫొటోలు తీసుకునేవారికి అనవసరం.

యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 2020 చివర్లో ఎం1 చిప్ వచ్చినప్పటి నుంచీ చిన్న స్టూడియోల చూపు అటు మళ్లింది. అన్ని నమూనాల్లో ఒకే స్థాయి తెర ఉండటం దాని బలం. కొన్నాక మెమరీ గానీ నిల్వ గానీ పెంచుకోలేకపోవడం బలహీనత. 2024 అక్టోబర్‌కు ముందు అమ్మిన ఎయిర్‌లలో మొదటి శ్రేణివి 8 జీబీతో వచ్చాయి. పాత నిల్వలు చవగ్గా దొరికితే మొదట చూడాల్సింది అదే.

డిస్కౌంటు వెనక లెక్క

కొట్టివేసిన ధర పక్కన ఎర్రటి అక్షరాల్లో ‘40 శాతం తగ్గింపు’ కనిపించగానే మనసు లాగుతుంది. ఆ కొట్టివేత గరిష్ఠ చిల్లర ధర మీద. ఆ ధరకు మామూలు రోజుల్లోనూ ఎవరూ అమ్మరు. దసరాకు ముందు వచ్చే పెద్ద ఆన్‌లైన్ అమ్మకాలైనా, జనవరిలో రిపబ్లిక్ డే అమ్మకాలైనా, అంతకు నెల ముందు నుంచీ అదే మోడల్ ధర రాసిపెట్టుకున్నవారికే అసలు తగ్గింపు ఎంతో తెలుస్తుంది. ఏటా జనవరిలో లాస్‌వేగాస్ ప్రదర్శనలో కొత్త ప్రాసెసర్లను ప్రకటిస్తారు. వాటితో నమూనాలు దుకాణాలకు చేరే నెలల్లో పాతవాటి ధర దిగుతుంది. మంచి తెర ఉన్న నిరుటి మోడల్‌కు అదే అదను.

వడ్డీ లేని వాయిదాల్లోనూ మర్మముంది. సున్నా శాతం వడ్డీ అన్న మాటను రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుపట్టింది. ఇప్పటి ‘నో కాస్ట్’ వాయిదాల్లో వడ్డీ మొత్తాన్ని ముందే తగ్గింపుగా చూపి, తర్వాత బ్యాంకు వసూలు చేసుకుంటుంది. ఉదాహరణకు వడ్డీ రూ. 5,000 అయితే దానిమీద 18 శాతం జీఎస్‌టీ కింద రూ. 900, ప్రాసెసింగ్ ఫీజు అదనంగా పడతాయి. మొత్తం నగదు ఇచ్చేవారు ఆ తగ్గింపు తమకూ ఇమ్మని అడగడంలో తప్పులేదు.

ల్యాప్‌టాప్ మీద జీఎస్‌టీ 18 శాతం. 2025 సెప్టెంబర్‌లో పెద్ద టీవీలు, ఏసీల మీద పన్ను తగ్గినా ల్యాప్‌టాప్‌లకు మార్పు లేదు. జీఎస్‌టీ నమోదు ఉండి మామూలు పద్ధతిలో పన్ను కట్టే స్టూడియోలకు ఇది అచ్చిరావచ్చు. రూ. 1,18,000 బిల్లులో రూ. 18,000 పన్నే. తమ జీఎస్‌టీ నంబరుతో బిల్లు తీసుకుంటే ఆ మొత్తాన్ని కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఈ వీలు లేదు. బిల్లు వద్దనుకుంటే రెండు వేలు తగ్గిస్తానన్న దుకాణదారు మాట వినడమంటే పన్ను సర్దుబాటునూ, వారంటీ హక్కునూ ఒకేసారి వదులుకోవడమే.

దుకాణమా, ఆన్‌లైనా?

సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు, ముంబైలో ల్యామింగ్టన్ రోడ్డు, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్... ఆన్‌లైన్ ఎంత పెరిగినా ఈ బజార్లకు కాలం చెల్లకపోవడానికి కారణముంది. తెరను కళ్లతో చూసి కొనే వీలు అక్కడే. వెళ్లేటప్పుడు బాగా వచ్చిన ఒక పెళ్లి ఫొటో ప్రింటునూ, దాని ఫైలున్న పెన్ డ్రైవునూ జేబులో వేసుకెళ్లాలి. తెర ప్రకాశం సగానికి దించి, రాత్రి వెలుతురు అమరిక ఆపేసి, ప్రింటును పక్కన పెట్టి చూస్తే చీర ఎరుపు, ముఖం ఛాయ దగ్గరే గుట్టు తేలిపోతుంది. ప్రదర్శనకు పెట్టిన యంత్రమూ, సీలు పెట్టెలో ఇచ్చేదీ ఒకే మోడల్ నంబరువా అన్నది ఆఖరి పరీక్ష.

ఆన్‌లైన్‌లో ‘రెండే మిగిలాయి’ అంటూ తొందరపెట్టే బూటకపు హెచ్చరికలను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్ 30న జారీచేసిన మార్గదర్శకాల్లో అనుచిత పద్ధతుల జాబితాలో చేర్చింది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకుంటే అదే సాక్ష్యం.

పాత సరుకు, పరాయి సరుకు

ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు హైదరాబాద్, బెంగళూరు బజార్లలో సగం కన్నా తక్కువకే దొరుకుతాయి. గట్టి శరీరం, మంచి కీబోర్డు వాటి సొత్తు. కానీ ఆఫీసు పనికి రంగులతో నిమిత్తం లేదు గనుక వాటిలో చాలావాటికి ఉన్నవి ఆ 45 శాతం తెరలే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న యంత్రాల్లో దాదాపు అన్నిటికీ విండోస్ 11 అధికారికంగా పనిచేయదు. అంతకన్నా పాతది ఎంత చవకైనా దండగే. బ్యాటరీ ఎంత అరిగిందో, పాత కంపెనీ తాళం ఇంకా ఉందో కూడా చూసుకోవాలి.

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లలో నవంబర్ ఆఖరి బ్లాక్ ఫ్రైడే ధరల మీద చర్చ మామూలే. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అయితే అక్కడ ప్రకటించే ధరలో అమ్మకం పన్ను కలిసి ఉండదు, చాలా రాష్ట్రాల్లో బిల్లు దగ్గర చేరుతుంది. జీఎస్‌టీ సర్దుబాటు దక్కదు. కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. పెళ్లిళ్ల మధ్యలో యంత్రం మొరాయిస్తే మిగిలిన పది వేలూ మరమ్మతుకే పోతాయి.

ఇప్పటికే ఓ మోస్తరు ల్యాప్‌టాప్ ఉండి, తెర ఒక్కటే నాసిరకమైతే కొత్తది కొననక్కర్లేదు. పూర్తి ఎస్‌ఆర్‌జీబీ చూపే 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ ఒకటి తగిలిస్తే కొత్త ల్యాప్‌టాప్ ఖర్చులో కొద్ది భాగంతో పని గడుస్తుంది. తెర రంగులను కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ పరికరాన్ని ఒకే ఊరి నాలుగైదు స్టూడియోలు కలిసి కొనుక్కున్నా చాలు. నెలకోసారి గంటసేపు పనే కదా.

అమ్మేవాళ్లు చెప్పే అంకెలన్నీ యంత్రం గురించినవి. పెళ్లివారు అడిగేది మాత్రం ఒకటే: అమ్మాయి చీర ఆ రోజు ఉన్న రంగులోనే ఉందా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే తెర ఏ ధరకు వస్తోందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి బేరం.