రోజుకో పేజీ – ఏడాదికి పది పుస్తకాలు



కొత్త సంవత్సరం వచ్చింది. గోడకి కొత్త క్యాలెండరు తగిలించాం. ఈ ఏడు ఏమేం చెయ్యాలో అనుకుంటాం. అప్పు తీర్చాలి. ఇంటికి సున్నం వెయ్యాలి. పిల్లని పై చదువుకి పంపాలి. మరి మన చదువు సంగతి?

"ఓలమ్మా! సంతకం వచ్చింది, చాల్దా? ఈ వయసులో ఇంకా ఏటి సదువుతాం?" అంటారు కొందరు.

సంతకం ఒక్కటే చాలదు. ఎందుకో చూద్దాం.

చదవకపోతే అక్షరం నిలవదు

మన పొందూరు సన్న ఖాదీకి పేరుపొందిన ఊరు. ఇక్కడి ఆడవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. ఏకులు చేస్తారు. రాట్నం మీద సన్నని నూలు వడుకుతారు. రాట్నం ముందు కూర్చున్న మొదటి రోజునే ఎవరికైనా మంచి దారం వచ్చిందా? రాలేదు. తెగింది. అతికాం. మళ్ళీ తెగింది. మళ్ళీ అతికాం. రోజూ కూర్చుంటేనే చేతికి పని వచ్చింది.

అదే రాట్నాన్ని ఆరు నెలలు అటక మీద పెడితే? చెయ్యి తడబడుతుంది. చదువూ అంతే. వాడకపోతే ముందు వత్తులు మరిచిపోతాం. తర్వాత గుణింతాలు పోతాయి. చివరికి సంతకం ఒక్కటే మిగులుతుంది.

ఒక అక్క పొదుపు సంఘంలో అప్పు తీసుకుందనుకోండి. కాగితం మీద చక్కగా సంతకం పెట్టింది. కానీ కాగితం చదవలేదు. వడ్డీ ఎంత? వాయిదాలు ఎన్ని? పక్కవాళ్ళు చెప్పిందే నమ్మాలి. చదవకుండా పెట్టిన సంతకానికీ, వేలిముద్రకీ తేడా ఏముంది?

చదివితే ఏమవుతుంది?

నెల్లూరు జిల్లాలో 1990లో అక్షర దీపం కార్యక్రమం మొదలైంది. ఆడవాళ్ళు రాత్రి బడికి వెళ్ళారు. వాళ్ళ వాచకంలో సారా వల్ల చితికిపోయిన సంసారం కథ ఉంది. చదివారు. ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. అందరూ కూడి మాట్లాడుకున్నారు. దూబగుంట ఊళ్ళో ఆడవాళ్ళు సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఒక్క పాఠం చదివి ఊరుకోకుండా, దాని గురించి మాట్లాడుకున్నారు. అందుకే అంత పని జరిగింది.

ఏం చదవాలి? ఎప్పుడు చదవాలి?

ఏడాదిని పండగల లెక్కన మూడు భాగాలు చేసుకుందాం.

జనవరి నుంచి ఉగాది దాకా ఇంట్లో కాగితాలు చదవండి. బ్యాంకు పాసు పుస్తకం, కరెంటు బిల్లు, సంఘం లెక్కల పుస్తకం తియ్యండి. మందు అట్ట మీద గడువు నెల, ఏడు చూడండి. బస్సు బోర్డు మీరే చదివి బస్సు ఎక్కండి.

ఉగాది నుంచి వినాయక చవితి దాకా పేపరు పట్టండి. ముందు పెద్ద అక్షరాలు చదవండి. తర్వాత మన జిల్లా వార్త ఒక్కటి పూర్తిగా చదవండి.

వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా కథలు చదవండి. మన జిల్లా కథలకు పెట్టింది పేరు. బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు మాస్టారు పెద్ద కథా రచయిత. ఆయన 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలని ఆయన కోరిక. మనం మాట్లాడుకునే భాషలోనే పుస్తకాలు ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు కూడా మన జిల్లాలోనే పుట్టారు. కాబట్టి కథల పుస్తకం చూసి భయం వద్దు. అందులో ఉండేది మన మాటే.

గడువు ఎలా పెట్టుకోవాలి?

పెద్ద గడువు పెట్టుకుంటే మధ్యలో తెగిపోతుంది. రోజుకి ఒక్క పేజీ చాలు. పండగలు, చుట్టాలు, జ్వరాలు, కోతలు ఉంటాయి. వాటికి 65 రోజులు వదిలేద్దాం. ఇంకా 300 రోజులు మిగిలాయి. అంటే 300 పేజీలు. ఒక్కో చిన్న పుస్తకం 30 పేజీలు ఉంటే, ఏడాదికి పది పుస్తకాలు!

ఒక వేళ పెట్టుకోండి. అన్నం ఉడికేలోగా చదవచ్చు. రాత్రి పిల్లల పక్కన కూర్చుని చదవచ్చు. చదివిన రోజున క్యాలెండరు మీద చుక్క పెట్టండి. వీధిలో ఇంకో అక్కని తోడు చేసుకోండి. ఒకరు చదవండి, ఒకరు వినండి. తెలియని మాట వస్తే పిల్లల్ని అడగండి. అడగడం నామోషీ కాదు.

నాలుగు రోజులు మానేశారా? బాధపడకండి. దారం తెగితే రాట్నం పారేస్తామా? అతికి, మళ్ళీ తిప్పుతాం.

మాట్లాడుకోండి

1. చదవడం రాక మీరు ఎప్పుడైనా నష్టపోయారా?
2. మీ ఇంట్లో ఉన్న ఏ కాగితం మీరు ఇంతవరకు చదవలేదు?

రాయండి

ఈ ఏడు నేను ముందుగా చదివేది: ..................
నేను చదివే వేళ: ..................
నాకు తోడు చదివే అక్క పేరు: ..................
నా సంతకం: ..................

చదివాకే సంతకం పెట్టండి!