అక్షరాలుగా ప్రయాణించే ఫైలు

ఈమెయిల్‌తో వచ్చే ఫొటో గానీ పీడీఎఫ్ గానీ ఉత్తరానికి విడిగా తగిలించిన వస్తువు కాదు. ఉత్తరం లోపలే అక్షరాలుగా మారి, వరసలు వరసలుగా పేర్చి ఉంటుంది. ఈమెయిల్‌ను చేరవేయడానికి 1982లో రూపుదిద్దుకున్న ఎస్‌ఎంటీపీ విధానం 7 బిట్ల ఆస్కీ అక్షరాలను మాత్రమే మోసేది. ఫొటోలోని బైటుకు 8 బిట్లు. ఆ ఎనిమిదో బిట్టు దారిలో ఏమవుతుందో చెప్పలేం.

యూనిక్స్ వాడకందార్లకు ఈ ఇబ్బంది అంతకుముందే తెలుసు. 1980లో బర్క్‌లీలో మేరీ యాన్ హార్టన్ రాసిన యూయూఎన్‌కోడ్ ఏ ఫైలునైనా అచ్చు అక్షరాలుగా మార్చేది. తీసుకునేవారికే చాకిరీ ఎక్కువ: ఉత్తరాన్ని ఫైలుగా దాచుకుని, మెయిల్ ప్రోగ్రాం బయటికొచ్చి, యూయూడీకోడ్ నడపాలి. పెద్ద ఫైలైతే నాలుగైదు ఉత్తరాలుగా వచ్చేది. వాటిని వరస తప్పకుండా అతికించుకోవాలి. పైగా ఈ పద్ధతి ఖాళీ స్థలాన్ని కూడా ఒక అక్షరంగా వాడింది. వరస చివరి ఖాళీలను దారిలో ఏ యంత్రమైనా కత్తిరించిందా, ఫైలు చెడినట్టే.

బెల్‌కోర్‌లో పనిచేసే నథానియెల్ బోరెన్‌స్టైన్, ఇన్నోసాఫ్ట్‌కు చెందిన నెడ్ ఫ్రీడ్ కలిసి 1992లో తెచ్చిన మైమ్ ప్రమాణంతో ఈ చాకిరీ తప్పింది. ఆ ఏడాది మార్చి 11న బోరెన్‌స్టైన్ తమ నలుగురి గాయక బృందం ఫొటోను, పాటను ఒకే ఉత్తరంలో పంపి చూపించాడు. మైమ్ ఉత్తరాన్ని సరిహద్దు గీతలతో భాగాలు చేస్తుంది. ప్రతి భాగం నెత్తిన అది ఏ రకమో రాస్తుంది. ఫైలును బేస్64 పద్ధతిలో, ప్రతి 3 బైట్లకు 4 అక్షరాల చొప్పున మారుస్తుంది. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు, ప్లస్, స్లాష్: మొత్తం 64. ఇందులో ఖాళీకి చోటు లేదు. 3 మెగాబైట్ల ఫొటో 4 దాటుతుంది, అదొక్కటే నష్టం.

ఈ ఏర్పాటంతా కంటికి కనబడేది టెక్స్ట్ మెయిల్ ప్రోగ్రాంలోనే. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన మట్ అలాంటిదే. అందులో ఉత్తరం తెరిచి వి మీట నొక్కితే భాగాల జాబితా వస్తుంది. ఎస్ నొక్కితే పంపినవారు పెట్టిన పేరునే చూపి, ఆ పేరుతో దాచాలా అని అడుగుతుంది. ఆ పేరులో డైరెక్టరీ దారి ఉంటే పట్టించుకోవద్దని ప్రమాణమే హెచ్చరిస్తోంది. లేకుంటే పరాయివాడు మన ముఖ్యమైన ఫైలు మీదే రాసేయగలడు.

తెరవడం వేరే సంగతి. మట్‌కు బొమ్మలు చూపడం రాదు. భాగాన్ని తాత్కాలిక ఫైలుగా రాసి, మెయిల్‌క్యాప్ అనే పట్టికలో ఆ రకానికి ఏ ప్రోగ్రాం రాసి ఉందో వెతికి దాన్ని పిలుస్తుంది. ఈ పట్టిక కూడా బోరెన్‌స్టైన్ రాసిన మెటామెయిల్ అనే ప్రోగ్రాంతో వచ్చిందే. ఒక వరసలో రకం, సెమీకోలన్, ఆదేశం; ఫైలు పేరు రావాల్సిన చోట శాతం గుర్తు, ఎస్. హెచ్‌టీఎంఎల్ ఉత్తరాలను డబ్ల్యూ3ఎమ్ అనే టెక్స్ట్ బ్రౌజర్ ద్వారా మామూలు పాఠంగా మార్చి మట్ తెరమీదే చూపించుకోవచ్చు.

చాలామంది చిక్కుకునేది తాత్కాలిక ఫైలు దగ్గరే. పిలిచిన ప్రోగ్రాం ముగియగానే మట్ దాన్ని చెరిపేస్తుంది. కొన్ని ప్రోగ్రాంలు పనిని వెనక నడుస్తున్న మరో ప్రక్రియకు అప్పగించి తాము వెంటనే ముగిసిపోతాయి. అది తెరవబోయేసరికి ఫైలు ఉండదు. ఆదేశంలో ముందుగా ఒక నకలు తీయించడమే దీనికి విరుగుడు. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరపు సర్వర్‌లో మట్ నడిపేవారికి ఇదీ చాలదు. బొమ్మ చూపే ప్రోగ్రాం నడిచేది ఆ సర్వర్‌లో, చూసేవారి ముందున్న యంత్రంలో కాదు. అక్కడ దాచి, ఎస్‌సీపీతో ఇక్కడికి తెచ్చుకోవడం తేలిక.

తెలుగు పేరున్న ఫైళ్లది అదనపు తంటా. యూటీఎఫ్-8లో తెలుగు లిపి సంకేతం ఒక్కోటి 3 బైట్లు. 1997 నాటి నియమం ప్రకారం ప్రతి బైటునూ శాతం గుర్తు, రెండు అంకెలుగా రాయాలి. “తెలుగు” అన్న పేరులోని ఆరు సంకేతాలకు 54 అక్షరాలు కావాలి. కొన్ని మెయిల్ ప్రోగ్రాంలు ఇది వదిలేసి, విషయం వరసకు ఉద్దేశించిన పాత పద్ధతిని ఫైలు పేరుకూ వాడతాయి. నియమాలు దాన్ని ఒప్పుకోవు, అయినా అలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. వాటిని చదవడానికి మట్‌లో ప్రత్యేకంగా ఒక అమరిక పెట్టారు. అది పనిచేయనప్పుడు ఎస్ నొక్కితే తెరమీద కనబడేది ప్రశ్నార్థకాలు, సమాన గుర్తుల మధ్య ఇరుక్కున్న ఇంగ్లీషు అక్షరాలే.