తెరమీద గెంతు

ధర్మవరములో పట్టుచీర అంచున నెమలిని నేయదలచినవారు ముందుగా దానిని గళ్ళకాగితముపై గీయుదురు. ఏ గడి నిండినదో, ఏది ఖాళీయో తేలిన పిమ్మట, ఆ ప్రకారము అట్టలకు రంధ్రములు వేసి జకార్డు మగ్గమున కెక్కింతురు. వీడియో ఆటలోని బొమ్మయు ఇట్టిదే. గళ్ళకు బదులు తెరపై చుక్కలుండును. అయితే చీరపై నెమలి నేసినచోటనే ఉండును, తెరపై బొమ్మ గెంతవలెను.

ఒకే తెరపై ఇద్దరు కలిసి ఆడు గెంతుల ఆటలు, నాణెము వేసిన ఆడనిచ్చు యంత్రములతో 1980 దశకమున ప్రసిద్ధికెక్కినవి. అమెరికాలో విలియమ్స్ సంస్థ 1982లో ‘జౌస్ట్’ను, జపానులో నింటెండో 1983లో ‘మారియో బ్రదర్స్’ను, టైటో 1986లో ‘బబుల్ బాబుల్’ను వెలువరించినవి. అన్నిటిలోను గాలిలో నిలిపినట్లు అరుగులుండును. ఆటగాండ్రు వాటిపైకెక్కి శత్రువులను ఎదుర్కొందురు. రంగమంతయు ఒక్క తెరలోనే ఇమిడియుండును. తెర ఒకని వెంట సాగిపోయినచో రెండవవాడు కనబడకుండ పోవును కదా!

తెరపై చిత్రము సెకనుకు సుమారు 60 మారులు కొత్తగా గీయబడును. గెంతు అనునది ఈ చిత్రములమధ్య జరుగు కూడిక మాత్రమే. ఓబులదేవరచెరువులోని విద్యార్థి గళ్ళకాగితము, పెన్సిలు తీసికొని దీనిని స్వయముగా చేసి చూడవచ్చును. బొమ్మకు మొదట చిత్రమునకు 8 చుక్కల వేగమును పైకి ఇయ్యవలెను. ఆపై ప్రతి చిత్రమునకు వేగములో 1 తగ్గించవలెను. బొమ్మ మొదట 8 చుక్కలు, పిమ్మట 7, ఆపై 6, ఇట్లు ఎనిమిదవ చిత్రమునకు 1 చుక్క లేచును. మొత్తము ఎత్తు 36. తొమ్మిదవ చిత్రమున వేగము సున్న. ఆ తరువాత అదే తీసివేత సాగగా వేగము ఋణసంఖ్యయై, 17వ చిత్రమునకు బొమ్మ తిరిగి నేలను తాకును. ప్రతి చిత్రమునకు రెండేసి చుక్కలు ప్రక్కకు జరుపుచు గుర్తులు పెట్టినచో, వాటిని కలిపిన గీత పరావలయము. మైదానములో విసరిన బంతి నడచునదియు దాదాపు ఈ దారినే. గుణకారము లేదు, త్రికోణమితి లేదు. ఆనాటి చిన్న 8 బిట్ల ప్రాసెసర్లకు ఇంతకన్న అనుకూలమైన లెక్క దొరకదు.

అయితే ఈ గురుత్వాకర్షణ మన భూమిది కాదు. మన బొమ్మ 18 చుక్కల పొడవుండి, అది 1.6 మీటర్ల మనిషికి సమానమనుకొందము. అప్పుడు 36 చుక్కలు 3.2 మీటర్లు. భూమిపై అంత ఎత్తు గెంతి దిగుటకు 1.6 సెకనులు పట్టును. మన బొమ్మకు సెకనులో మూడవవంతైనను పట్టలేదు. లెక్కించిన, అక్కడి ఆకర్షణ భూమికన్న సుమారు 33 రెట్లు! ఆట కూర్చువారు చుక్కలోని భిన్నములను గూడ వాడి, చేతికి నచ్చినంతవరకు ఈ సంఖ్యను సవరించుకొందురు. చాల ఆటలలో గాలిలోనున్న బొమ్మ దిక్కు మార్చుకొనగలదు కూడ. న్యూటను ఒప్పుకొనడు, పిల్లలు ఒప్పుకొందురు.

ఇద్దరు ఆడునప్పుడు న్యాయము చూడవలసియుండును. మొదటివానిని జరిపి, వెంటనే ఢీకొనెనా అని పరీక్షించి, తరువాత రెండవవానిని జరిపినచో, మొదటివానికి ప్రతిమారు కొంత లాభము కలుగవచ్చును. అందుచేత ఇద్దరి మీటలను చదివి, ఇద్దరిని జరిపి, ఆ పిమ్మటనే పరీక్షించుట మంచి పద్ధతి. ఇద్దరు ఆటగాండ్రు, ఆరుగురు శత్రువులు కలిసి 8 బొమ్మలైన, పరీక్షింపదగిన జంటలు 28. సెకనుకు 1,680 పరీక్షలు.

‘జౌస్ట్’లో ఆటగాండ్రు పక్షులపై స్వారి చేయుదురు, ఇద్దరు ఢీకొన్నప్పుడు ఎవని బల్లెము ఎత్తుగా నున్నదో వానిదే గెలుపు. ఎత్తులు సమానమైన ఇద్దరును వెనుకకు తుళ్ళుదురు. అందులోను, ‘మారియో బ్రదర్స్’లోను కుడి అంచు దాటినవాడు ఎడమ అంచున ప్రత్యక్షమగును. కాగితమును గొట్టముగా చుట్టి రెండంచులను కలిపిన, ఆ రంగస్థలము స్థూపాకారమని విద్యార్థులకు తెలియును.

‘బబుల్ బాబుల్’లో 100 అంతస్తులున్నవి. ఒంటరిగా చివరి అంతస్తు జయించినను అసలు ముగింపు కనబడదు. స్నేహితునితో రమ్మని ఆటయే చెప్పి పంపును.